సమస్యాపూరణం: విల్లు వీడిన బాణమ్ము వెడల దెపుడు

నిర్వాహకుడు: ఈ వారం ఛందస్సు తేటగీతి. చివరి పాదం నేనిస్తాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

*విల్లు వీడిన బాణమ్ము వెడల దెపుడు*

ఇది గ్రీకు తత్త్వవేత్త జీనో బాణం: ఎగిరే బాణం ఏ క్షణాన చూసినా ఒక్కచోటే ఉంటుంది, కాబట్టి అది కదలనే కదలదని అతని వాదన. క్రీ.పూ. 5వ శతాబ్దం, దక్షిణ ఇటలీ తీరంలో ఎలియా అనే గ్రీకు పట్టణం. మార్పు, పుట్టుక, చావు అన్నీ భ్రమే అన్న పార్మెనిడీస్‌కి జీనో శిష్యుడు. అతని పుస్తకం మనకు దక్కలేదు. అరిస్టాటిల్ ఖండించడానికైనా ఎత్తి చెప్పబట్టి ఈ వాదన మిగిలింది. కదలిక మీద జీనోవని ఆయన చెప్పిన నాలుగు వాదనల్లో ఇది మూడోది. చివర "అందురా?" అని తగిలించి తప్పించుకునే పూరణలు వద్దు. తర్కం కనపడాలి.

లెక్కల మాస్టారు:

ఒక్క లిప్తలో నొకచోటె యుండుఁ గాదె
తనకు సరిపడు చోటులో దాను నిలిచి;
లిప్తలే గూడి కాలమౌ లెక్కఁ జూడ
విల్లు వీడిన బాణమ్ము వెడల దెపుడు.

నిర్వాహకుడు: మాస్టారూ, నమస్కారం. రెండో పాదం చాలా బాగుంది. 'తనకు సరిపడు చోటు' అన్నదే జీనో వాదనకు ఆయువుపట్టు. దాన్ని ఇంత తేలిగ్గా తెలుగులో ఇమిడ్చినందుకు సంతోషం. మూడో పాదం మాత్రం అరిస్టాటిల్‌కి దొరికిపోతుంది. విడదీయరాని క్షణాలను పేర్చితే కాలం కాదు, బిందువులను పేర్చితే గీత కానట్టే అని ఆయన జవాబు.

లెక్కల మాస్టారు: అది తెలిసే పెట్టానండీ, 'లెక్కఁ జూడ' అన్నది అందుకే. ఆ లెక్క ఒప్పుకుంటేనే బాణం ఆగుతుంది. ఒక్క క్షణంలో కదలిక ఉండదు, నిజమే. కానీ నిలకడ కూడా ఉండదు కదా! రెండిటికీ కొంత వ్యవధి కావాలి. ఇంటర్ క్లాసులో తక్షణ వేగాన్ని అవధి (లిమిట్)తో నిర్వచించేది ఈ చిక్కు దాటడానికే.

కొత్త సభ్యురాలు: మొదటిసారి రాస్తున్నాను, కాస్త టెన్షన్‌గా ఉంది.

పార్మెనీడుతో దేవత పలికె నిట్లు:
"ఉన్న దున్నది; లేనిది యుండ దెందు;
పుట్టు టెక్కడ? గిట్టుట పొసగు నెట్లు?
విల్లు వీడిన బాణమ్ము వెడల దెపుడు."

నిర్వాహకుడు: టెన్షన్ ఎందుకమ్మా, యతులన్నీ సరిగ్గా కుదిరాయి. పార్మెనిడీస్ కూడా తన తత్త్వాన్ని పద్యంలోనే చెప్పాడు. సూర్యుడి కూతుళ్లు దారి చూపగా రథమెక్కి, రాత్రీ పగలూ నడిచే దారుల ద్వారం దాటి దేవతను చేరతాడు. ఆ కావ్యంలో సుమారు 160 పాదాలే మిగిలాయి. పుస్తకం అరుదైపోయిందని 6వ శతాబ్దంలో అరిస్టాటిల్ వ్యాఖ్యాత సింప్లీషియస్ పెద్ద పెద్ద భాగాలు ఎత్తి రాసిపెట్టకపోతే వాటిలోనూ చాలావరకు ఉండేవి కావు. మీ రెండో పాదం ఆ దేవత మాటకు చాలా దగ్గర. చిక్కల్లా నాలుగోదానితోనే. బాణం శిష్యుడిది, దాన్ని గురువుగారి దేవత చేత వేయించారు!

కొత్త సభ్యురాలు: అయితే మొదటి పాదం తీసేసి, దేవత మాటలు రెండూ పైకి జరిపి, మూడో పాదం ఇలా పెడితే?

అనిన గురుమాట కాపుగా ననియె జీనొ

నిర్వాహకుడు: భేష్! 'కాపుగా' అన్నది మరీ బాగుంది. గురువును ఎగతాళి చేసేవాళ్లకు ఎదురుగా రాశానని జీనోయే అన్నట్టు ప్లేటో చూపిస్తాడు. 'జీనొ' అని కుదించడం కొంచెం గుచ్చుకుంటోంది గానీ, పరాయి పేరు కాబట్టి వదిలేస్తున్నాను.

వేదాంతం తెలిసిన పెద్దాయన: ఉన్నది లేకపోదు, లేనిది ఉండదు అని గీత రెండో అధ్యాయంలోనూ ఉంది. ఏదీ అసలు పుట్టనే లేదనే అద్వైతాచార్యులు గౌడపాదుల అజాతివాదమూ ఇదే కదా?

నిర్వాహకుడు: పోలిక ఉంది బాబాయిగారూ, కానీ ఇదే అనలేం. గౌడపాదులది ఆత్మవిచారం, ముక్తి కోసం. పార్మెనిడీస్ పట్టు వేరు: లేనిదాన్ని తలచలేం, చెప్పలేం, కాబట్టి లేమి నుంచి ఏదీ పుట్టదు. పైగా అతని 'ఉన్నది' గుండ్రని బంతిలా హద్దు గలది. అదే దారిన వచ్చిన సామోస్ మెలిస్సస్ ఆ హద్దూ లేదన్నాడు. ఈయన నౌకాదళంతో ఏథెన్స్ వాళ్లను ఓడించిన సేనాని కూడా. కదలిక లేదంటూ ఓడలు నడిపించాడన్నమాట.

మరో సభ్యుడు:

చిత్రకారుడు గీసిన చిత్రమందు
వేటగాఁ డొక్క లేడికై విడిచె నమ్ము;
ఎన్ని యేండ్లైన నా లేడి కేమి భయము?
విల్లు వీడిన బాణమ్ము వెడల దెపుడు.

లెక్కల మాస్టారు: ధార బాగుంది, 'లేడి కేమి'లో స్వరయతి చెల్లుతుంది. కానీ ఇది తప్పించుకోవడమేనయ్యా. బొమ్మలో బాణం ఎలాగూ కదలదు.

మరో సభ్యుడు: జీనో చేసిందీ అదే కదండీ! ఎగిరే బాణాన్ని క్షణానికొక బొమ్మగా కోసి, ఏ బొమ్మలోనూ కదలిక లేదన్నాడు.

నిర్వాహకుడు: ఈ జవాబుతో నేను మాస్టారి పక్షం నుంచి ఇటు జరిగాను. అయితే ఆ మాట పద్యంలో లేదు. మూడో పాదం లేడికి కాక క్షణానికి ఇస్తే ఈ వారానికి ఇదే మేటి పూరణ అయ్యేది. ప్రస్తుతానికి సభ్యురాలి సవరించిన పద్యానికే నా ఓటు.

వచ్చే వారానికీ తేటగీతే:

*కదలు తాబేలు నందఁడు గాలివేగి*

ఇదీ జీనో వాదనే: ముందు బయల్దేరిన తాబేలును పరుగువీరుడు ఎకిలీజ్ ఎప్పటికీ అందుకోలేడని. ఎకిలీజ్ పేరు పద్యంలో రానక్కర్లేదు. తాబేలుకు ముందుగా ఇచ్చిన దూరం మాత్రం కనపడాలి.