గిటారు ట్యూబు ఆంపు అమ్మేసి మోడలర్, పవర్డ్ బాక్సు పట్టుకున్నోళ్ళు ఎవరన్న ఉన్నరా?

జడ్చర్ల_రిఫ్ · సాయంత్రం 6:12

అన్నలకు నమస్తే. దసరా ముందట నా గిటారు ట్యూబు కాంబో (గాజు ట్యూబులతోని నడిచే ఆంపు, స్పీకర్లు ఒక్క పెట్టెల) అమ్మేసిన. రెండు 12 అంగుళాల స్పీకర్లది, దగ్గర దగ్గర 30 కిలోలు. దాని బదులు ఒక ఫ్లోర్ మోడలర్ (కాళ్ళ కాడ పెట్టుకునే డబ్బ, ఆంపుల సౌండును లెక్కలతోని నకలు చేస్తది), ఒక 12 అంగుళాల పవర్డ్ బాక్సు (లోపలనే ఆంపు ఉన్న స్పీకరు) తెచ్చుకున్న. అప్పటి సంది 11 ప్రోగ్రాములు కొట్టిన. పెండ్లిళ్ళు, రెండు సెమీ క్రిస్మస్‌లు, ఒక కాలేజీ డే.

మొదటి మూడు ప్రోగ్రాములు ఏడుపే. ఇంట్ల రాత్రి పది దాటినంక, అమ్మ లేవకుండ, సన్నటి సౌండుల ప్యాచ్‌లు (సౌండు సెట్టింగులు) చేసుకున్న. మస్తుగ అనిపించింది. వనపర్తి దగ్గర పెండ్లిల సౌండు ఎక్కించంగనే కింద బుయ్యిమని మోత, పైన రేకు గీకినట్టు. తర్వాత తెలిసింది ఏందంటే, సౌండు తక్కువున్నప్పుడు మన చెవికి బేసు, ట్రెబుల్ సరిగ ఆనవు. ఆనుతలేవని మనం వాటిని ఎక్కువ పెట్టుకుంటం. సౌండు పెంచితే అవే మీద పడ్తయ్. ఫ్లెచర్, మన్సన్ అని ఇద్దరు 1933లనే ఇది కొలిచి పెట్టిన్రు.

ఇగ ఒక ఆదివారం మా మామ బత్తాయి తోటకు పోయి, మోటరు షెడ్డు పక్కన ప్రోగ్రాముల ఎంత పెడ్తమో అంత సౌండు పెట్టి మళ్ళ మొదటి సంది చేసిన. 90 హెర్ట్జ్ కిందది కోసేసిన, 6 కిలోహెర్ట్జ్ పైనది కోసేసిన. బాక్సు వెనుక ‘డీజే’ మీద ఉన్న సెట్టింగు ‘ఫ్లాట్’ మీదికి తెచ్చిన. అది డీజే మీద ఉన్నదని మూడు ప్రోగ్రాముల దాక చూసుకోలె, నవ్వకుండ్రి.

ఇప్పుడు మంచిగున్నది. బస్సుల ఏసుకొని పోతున్న. మీ అనుభవాలు చెప్పుండ్రి.

గద్వాల_బేస్ · 6:20

డీజే మీద పెట్టి గిటారు. దండం తమ్మీ.

దేవరకొండ_వాల్వు · 7:05

తమ్మీ, అమ్మితే అమ్మినవు. గని ‘మంచిగున్నది’ అనకు. నేను 26 ఏండ్ల సంది వాయిస్తున్న. నా ఆంపుల వెనుక రెండు ఈఎల్ 34 ట్యూబులు, ముందట మూడు 12ఏఎక్స్7 ట్యూబులు. ఆంపు ముందు నిలబడితే లాగు కాళ్ళకు గాలి తగలాలె. గట్టిగ మీటితే సౌండు చిరగాలె, మెల్లగ మీటితే సాఫు కావాలె. వేలుకూ ఆంపుకూ నడుమ ముచ్చట అది. నీ డబ్బల ఉన్నది దాని ఫోటో. ఫోటోల ఉన్న బత్తాయి పిండితే రసం వస్తదా?

ఇంకోటి, డిలే. నువ్వు తీగ మీటినంక అది లోపల లెక్కలు వేసుకొని బయటికి పంపాలె. నాకు తెలుస్తది అది. వేలు ఒకతాన, సౌండు ఒకతాన.

జడ్చర్ల_రిఫ్ · 7:31

అన్నా, డిలే ముచ్చట ఒక్కటి తేల్చుకుందాం. మంచి మోడలర్‌ల అది 2 నుంచి 5 మిల్లీసెకన్లు. సౌండు గాలిల సెకనుకు 343 మీటర్లు పోతది, అంటే మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు. నువ్వు నీ ఆంపుకు 3 మీటర్ల దూరం నిలబడితే నీ ట్యూబు సౌండు నీ చెవి కాడికి వచ్చేసరికే 9 మిల్లీసెకన్లు అయితది. నా బాక్సు నా కాళ్ళ కాడ ఉంటది. లేటు ఎవరిది?

దేవరకొండ_వాల్వు · 7:40

గాలిల వచ్చేది వేరు. డబ్బల లేటయ్యేది వేరు.

జడ్చర్ల_రిఫ్ · 7:42

ఎట్ల వేరు అన్నా? మిల్లీసెకను మిల్లీసెకనే కద.

దేవరకొండ_వాల్వు · 7:44

వాయించినోనికి తెలుస్తది.

మిర్యాలగూడ_కాపో · 7:58

వందనాలండి. నాదొక చిన్న సందేహం. మా మందిరంలో ఆరాధనకు వాయిస్తాను. మోడలర్ కొన్నాను గాని పవర్డ్ బాక్సుకు డబ్బులు లేవు. పాత గిటారు ఆంపు ముందు జాక్‌లోనే పెడుతున్నాను. దుప్పటి కప్పినట్టు వస్తోంది. మోడలర్ పాడైందంటారా?

కల్వకుర్తి_సోల్డర్ · 8:10

@కాపో పాడు కాలేదు. నీ మోడలర్‌ల ‘క్యాబ్’ లేకుంటే ‘ఐఆర్’ అని ఒక బ్లాకు ఉంటది. స్పీకరు పెట్టెకు మైకు పెట్టి పట్టుకున్న దాని ముద్ర అది. ఒకసారి ఆ ముద్ర గుద్ది, మళ్ళ నిజం గిటారు స్పీకరుల కెళ్ళి పంపుతున్నవు. గిటారు స్పీకరు 5 కిలోహెర్ట్జ్ దాటినంక తనంతట తనే పడిపోతది, రెండు సార్లు పడితే ఇగ దుప్పటి గాక ఏముంటది. గిటారు ఆంపుకు పోయేటప్పుడు క్యాబ్ బంద్ చెయ్యి. వెనుక ‘ఎఫెక్ట్స్ రిటర్న్’ ఉంటే అండ్ల పెట్టు, ముందు జాక్‌ల పెడ్తే ఆంపు ప్రీఆంపు (సౌండుకు మొదట రంగు ఏసే భాగం) సుత మీద పడ్తది. మిక్సర్‌కు గాని పవర్డ్ బాక్సుకు గాని పోయేటప్పుడు క్యాబ్ ఆన్ చెయ్యి. అవి పాట, కీబోర్డు అన్నీ ఉన్నదున్నట్టు పలికేటివి, గిటారు స్పీకరు లెక్క కోయవు.

మిర్యాలగూడ_కాపో · 8:34

క్యాబ్ ఆపి రిటర్న్‌లో పెట్టానండి. దేవునికి స్తోత్రం, మీకు కూడా.

గద్వాల_బేస్ · 8:40

కరెంటు ముచ్చట ఎవ్వరు తీయరేంది. మొన్న ఒక రిసెప్షన్‌ల కరెంటు పోయి జనరేటర్ ఎక్కింది, ఐదు సెకన్లు. మా గిటారాయన మోడలర్ ఆగి మళ్ళ లేచేసరికి పల్లవి అయిపాయె. నేనూ ప్యాడ్స్ పిలగాడూ మొకాలు చూసుకుంట లాగినం.

జడ్చర్ల_రిఫ్ · 8:47

అది నిజమే. నేను కంప్యూటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ పెట్టుకున్న, మోడలర్‌కు మాత్రమే. బాక్సు ఆగినా కరెంటు రాంగనే పలుకుతది.

దేవరకొండ_వాల్వు · 9:15

యూపీఎస్ ఒకటి, బాక్సు ఒకటి, డబ్బ ఒకటి, ప్యాచ్‌లు చేయనీకి బత్తాయి తోట ఒకటి. నా ఆంపుకు ఐదు బిరడలు. ఎండలకాలం దేవరకొండల పగటి ప్రోగ్రాముకు పో, నీ స్క్రీను మీద ఏం కనబడ్తదో చూస్త.

అసలు ముచ్చట చెప్తున్న విను. పైసలు మిగిలించుకోనీకి, బరువు మోయలేక చేసిన పనికి మీరంత ‘సౌండు మంచిగున్నది’ అని పేరు పెడ్తున్నరు. మోయలేకపోతే మోయలేను అని చెప్పుండ్రి. దాంట్ల తప్పు లేదు. కళ అని చెప్పకుండ్రి.

జడ్చర్ల_రిఫ్ · 9:38

> పైసలు మిగిలించుకోనీకి

పైసల మాట మీరే తీసిన్రు కాబట్టి చెప్తున్న. నేను మొదలుపెట్టినప్పుడు ప్రోగ్రాముకు 1500 ఇస్తుండె. ఆంపు లేనోన్ని ట్రూపోళ్ళు పిలువరు. ఆంపు కిరాయి 700. ఆటోల ఏసుకొని పోవాలె, తెల్లారి మళ్ళ అప్పజెప్పాలె. ఒకసారి ట్యూబు పోతే అది నా మీదనే రాసిన్రు, వాయించింది రెండు పాటలు. మూడేండ్లు నేను వాయించింది కిరాయి కట్టనీకే. అప్పు చేసి సెకండ్ హ్యాండ్ కాంబో కొన్న, అదే ఇప్పుడు అమ్మిన.

ట్యూబు లేకుంటే గిటారు గాదంటరా? రోలాండ్ జాజ్ కోరస్ 120 అనే ఆంపుల ఒక్క ట్యూబు లేదు, 1975ల వచ్చింది, యాభై ఏండ్ల సంది పెద్ద పెద్దోళ్ళు వాయిస్తున్నరు. మోడలర్‌లు చూస్తే, పాడ్ 1998ల వచ్చింది, కెంపర్ 2011ల, హీలిక్స్ 2015ల. నిన్నమొన్న పుట్టిన పిచ్చి కాదు ఇది. ఇప్పుడు న్యూరల్ ఆంప్ మోడలర్ అని ఫుకట్ సాఫ్ట్‌వేరే ఉన్నది. లాప్‌టాప్, దానికి గిటారు కలిపే ఇంటర్‌ఫేస్ ఉన్న పిలగాడు ఎవడన్న ఇంట్ల కూసొని నేర్చుకుంటడు. మీకు మంట ఆ పిలగాడు మిమ్మల్ని అడగకుండ స్టేజీ ఎక్కుతున్నడని.

గద్వాల_బేస్ · 9:41

‘మీరు’ల దిగిండు. అయిపాయె.

దేవరకొండ_వాల్వు · 9:52

‘నువ్వు’ పోయి ‘మీరు’ వచ్చింది. చూసిన.

నేనూ ఆంపు కిరాయికిచ్చినోన్నే. దాచుడేం లేదు. రెండో ఆంపు దానికే కొన్న. పోయిన ఏడాది మొత్తం రెండుసార్లే కిరాయికి పోయింది. ట్యూబు పోతే ఎవ్వరి మీద రాయలె. ఎవరు రాసిండో వాన్ని అడుగు.

మంట గురించి అంటివి కద. నేను డబ్బ పట్టలేదు అనుకుంటున్నవా? పట్టిన. నడుము నొప్పని ఒకసారి దోస్తుది అడుక్కొని హాలియా దిక్కు పెండ్లికి తీస్కపోయిన. సౌండాయన ‘ఆంపు వద్దన్నా, నాకు లైన్ ఇయ్యి’ అన్నడు. డబ్బల కెళ్ళి వైరు సక్కగ ఆయన మిక్సర్‌కు ఇచ్చిన. నా దిక్కు తిప్పి పెట్టిన మానిటర్ స్పీకరుల నాకు నేను వినబడ్తనే ఉన్న. రెండున్నర గంటలు చెమటలు కారంగ వాయించిన. దిగినంక పెండ్లిపిల్ల మేనమామ వచ్చి, ‘నువ్వు ఊకె నిలబడ్డవు గదనయ్యా, గిటారు ఒక్క పాటల గూడ ఇనబడలే’ అని మూడొందలు పట్టుకొని ఇచ్చిండు. బయట బాక్సులల్ల నన్ను మొత్తం కిందికి గుంజి పెట్టిండు ఆ సౌండాయన. నాకు తెల్వదు. నా వెనుక ఆంపు ఉంటే ఆ పని ఎవ్వని తోని కాదు. బిరడ నా చేతుల ఉంటది.

బాక్సులాయన_సూర్యాపేట · 10:10

రోజు చదివి ఊకుంట గని ఇప్పుడు మాట్లాడుత. నేను సౌండు నడిపిస్త, 14 ఏండ్లు. ఆ హాలియా ఆయన నేను కాదు, ముందే చెప్తున్న.

ఆయన చేసింది తప్పే. గని బిరడ మీ చేతుల ఉంటే ఏమైతదో చెప్త. గిటారు స్పీకరు సూటిగ కొడ్తది. ఎదురుంగ సూది లెక్క, పక్కకు జరిగితే మెత్తగ. మీ ఆంపు నేల మీద, మీ మోకాలు కాడ ఉంటది. మీ చెవి ఐదడుగుల పైన. మీకు మెత్తగ ఆనుతది, పెంచుతరు. ముందు వరుసల కుర్చీల కూసున్న ముసలాయన చెవి సరిగ్గ స్పీకరు ఎత్తున ఉంటది. ఆయన లేచొచ్చి తిట్టేది మిమ్మల్ని కాదు, నన్ను. గిటారు పెరిగిందని కీబోర్డాయన పెంచుతడు, పాడే అమ్మాయి మానిటర్ పెంచమంటది, మైకు కుయ్యిమంటది. నా మిక్సర్ మీద మీ సౌండు పెంచి దించే ఫేడర్ కిందనే ఉన్నది, అయినా హాలంత గిటారే. నేనేం చేయాలె?

ఆంపు వద్దనను. కుర్చీ మీద ఎక్కించి మీ చెవి దిక్కు తిప్పుకోండ్రి, జనం దిక్కు కాదు. దానికి నేను మైకు పెడ్త.

దేవరకొండ_వాల్వు · 10:21

మైకు పెట్టినా ఆ మైకు ఫేడర్ నీ తాననే కద.

బాక్సులాయన_సూర్యాపేట · 10:23

నా తాననే. ఎవరో ఒకల తాన ఉండాలె.

దేవరకొండ_వాల్వు · 10:25

ఎందుకుండాలె?

జడ్చర్ల_రిఫ్ · 10:40

అన్నా, హాలియాది నాకు తెల్వదు. అట్ల చేయొద్దుండె. నాకూ అయితదేమోనన్న భయానికే నేను లైన్ ఒక్కటే ఇయ్య. మోడలర్‌ల రెండు అవుట్లు ఉంటయ్. ఒకటి మిక్సర్‌కు, ఇంకోటి నా బాక్సుకు. సౌండాయన దించినా నా బాక్సు స్టేజీ మీద పలుకుతనే ఉంటది. ముందు వరుసలకన్న వినబడ్తది.

బాక్సులాయన_సూర్యాపేట · 10:44

గదే నేను చెప్పే బాధ. ఆంపు పోయింది అనుకుంటే బాక్సు వచ్చింది.

కల్వకుర్తి_సోల్డర్ · 10:52

రెండు దిక్కులకు ఇచ్చేటోళ్ళు ఒకటి గుర్తువెట్టుకోండ్రి. మీ బాక్సు ఒక సాకెట్టుల, మిక్సర్ ఇంకో దిక్కు సాకెట్టుల ఉంటే బుర్రుమని హమ్ము వస్తది. మోడలర్ మీద ‘గ్రౌండ్ లిఫ్ట్’ ఉంటే అది నొక్కండ్రి. హమ్ము పోవాలని ప్లగ్గు మూడో పిన్ను, ఎర్తుది, మాత్రం విరగ్గొట్టకుండ్రి. ఆంపుదైనా బాక్సుదైనా.

మిర్యాలగూడ_కాపో · 10:59

నిజమండి. ఒక ఫంక్షన్ హాల్లో ఎర్తింగే లేదు. తీగల మీద చెయ్యి పెట్టి మైకుకు పెదవులు తగిలించగానే చుర్రుమంది. ఆ రోజు ప్రార్థన త్వరగా ముగించాను.

దేవరకొండ_వాల్వు · 11:08

@రిఫ్ అంటే నువ్వు సుత సౌండాయన్ని నమ్ముతలేవు.

జడ్చర్ల_రిఫ్ · 11:10

నమ్మ.

దేవరకొండ_వాల్వు · 11:11

మరి గంటసేపు నా తోని ఎందుకు కొట్లాడినవు?

జడ్చర్ల_రిఫ్ · 11:14

డిలే గురించి అన్నా. గాలిల మిల్లీసెకను వేరు, డబ్బల మిల్లీసెకను వేరు అన్నవు. అది మాత్రం ఒప్పుకోను.

దేవరకొండ_వాల్వు · 11:15

వేరే.

బాక్సులాయన_సూర్యాపేట · 11:17

నా మీద ఒక్కటైన్రు ఇద్దరు. మంచిది. పొద్దున ఐదింటికి లోడు ఎక్కించేదున్నది, పంటున్న.

అచ్చంపేట_కొత్తోడు · 11:30

అన్నా, మొత్తం చదివిన, సగం అర్థం కాలె. నా తాన మోడలర్ ఉన్నది, బాక్సు లేదు. ఇంట్ల పాటలినే బ్లూటూత్ స్పీకరుకు వైరు లేకుండ కలిపి వాయించొచ్చా?

జడ్చర్ల_రిఫ్ · 11:33

వద్దు తమ్మీ. మామూలు బ్లూటూత్‌ల 100, 200 మిల్లీసెకన్ల లేటు ఉంటది. దానికి ఆక్స్ జాక్ ఉంటే వైరు పెట్టు.

దేవరకొండ_వాల్వు · 11:36

బ్లూటూత్‌లనే పెట్టు బిడ్డా. ఇయ్యాల మీటు, సౌండు రేపొస్తది.