నది గట్టూ బ్యాంకే, డబ్బు దాచేదీ బ్యాంకే: రెండూ ఒకే మాటా?

ప్రశ్నార్థకం:
వార్తల్లో వెస్ట్ బ్యాంక్ అని వచ్చినప్పుడల్లా నాకు ఇదే డౌటు. అక్కడ బ్యాంక్ అంటే జోర్డాన్ నదికి పడమటి గట్టు, అంతవరకు తెలుసు. మరి గట్టుకీ మనం డబ్బు వేసుకునే బ్యాంకుకీ సంబంధం ఏమిటి? పూర్వం వర్తకులు నది ఒడ్డున కూర్చుని లావాదేవీలు చేసేవాళ్లు, అందుకే ఆ పేరొచ్చిందని ఒకాయన చెప్పాడు. మరీ అతికినట్టు సరిపోతోంది, అందుకే నమ్మబుద్ధి కావట్లేదు. పైగా విమానం ఒక పక్కకి వాలినా బ్యాంక్ అంటారట. ఇదంతా ఒక్క మాటేనా, లేక స్పెల్లింగు కలిసిన వేర్వేరు మాటలా?

నిఘంటుపురుగు:
ఒడ్డున వర్తకుల కథ పక్కన పెట్టేయండి, అది తర్వాత ఎవరో అల్లింది. డబ్బు బ్యాంకు ఇటలీ సరుకు. ఇటాలియన్‌లో బాంకా అంటే బల్ల. మధ్యయుగాల్లో అక్కడ ఒక్కో నగరానిదీ ఒక్కో నాణెం, కాబట్టి బయటి ఊరి నుంచి వచ్చిన వర్తకుడు ముందు డబ్బు మార్చుకోవాల్సిందే. మార్చేవాడు బల్ల వేసుకుని కూర్చుని, ఇచ్చిన నాణేన్ని తూచి, వెండి ఎంతుందో చూసి, తన కమీషన్ మినహాయించుకుని మిగతాది చేతిలో పెట్టేవాడు. క్రమంగా ఆ బల్ల పేరే వ్యాపారానికి వచ్చేసింది. ఇంగ్లీషులోకి ఇది 15వ శతాబ్దం చివర్లో ఫ్రెంచి మీదుగా చేరింది. నది గట్టు అర్థం అంతకు చాలా ముందే, 1200 ప్రాంతానికే ఇంగ్లీషులో ఉంది, అది స్కాండినేవియా వాళ్ల దగ్గర్నుంచి వచ్చిన మాట. అందుకే మంచి నిఘంటువుల్లో ఈ రెంటికీ విడివిడిగా ఎంట్రీలు ఉంటాయి.

వేరుశోధన:
పైన చెప్పింది నిజమే గానీ అక్కడితో ఆపేస్తే ఎలా అండీ, అసలు మజా ఇంకా వెనక్కి వెళ్తేనే. ఇటాలియన్ల బాంకా లాటిన్ నుంచి వచ్చింది కాదు, జర్మానిక్ తెగల భాష నుంచి తీసుకున్నది. స్కాండినేవియా గట్టు కూడా ఆ జర్మానిక్ మూలం నుంచే. అంటే ఒకటి ఉత్తరం నుంచి నేరుగా వచ్చింది, రెండోది దక్షిణానికి దిగి ఇటలీ, ఫ్రాన్స్ తిరిగి వచ్చింది, వేరుపడిన దాయాదులు మళ్లీ ఒకే ఇంటిపేరుతో ఎదురుపడినట్టు. నేలకంటే ఎత్తుగా ఉన్నది అనే భావం రెంటిలోనూ కనిపిస్తుంది: మట్టి ఎత్తుగా ఉంటే గట్టు, చెక్కతో ఎత్తుగా చేస్తే బల్ల. ఇంగ్లీషు బెంచ్ కూడా ఈ కుటుంబంలోదే.

సగంచదువరి:
బ్యాంక్‌రప్ట్ కూడా ఆ బల్లదే! బాంకా రొత్తా, అంటే విరిగిన బల్ల. దివాలా తీసినవాడి బల్లని జనం నిజంగా విరగ్గొట్టేవాళ్లని చాలా చోట్ల రాస్తారు, నాకైతే అది మాటవరసకి అన్నదే అనిపిస్తుంది. రొత్తా కాస్తా రప్ట్ అయింది లాటిన్ ప్రభావంతో, ఇంటరప్ట్‌లో ఉన్నది కూడా ఆ రప్టే. విందుకి వాడే బాంక్వెట్ కూడా చిన్న బల్ల అనే ఇటాలియన్ మాట నుంచే. ఇక మౌంటిబ్యాంక్ అని ఒకటుంది, సంతలో బల్లెక్కి అరుస్తూ నకిలీ మందులు అమ్మేవాడు. నాకు వీటన్నిటిలో ఇష్టమైనది అదే :)

ప్రశ్నార్థకం:
అదిరింది. మరి విమానం సంగతి? బ్లడ్ బ్యాంక్ ఎటువైపు?

వేరుశోధన:
విమానం గట్టు వైపు. మలుపు దగ్గర రోడ్డు బయటి అంచుని ఎత్తుగా, ఏటవాలుగా వేస్తారు చూశారా, దాన్నీ బ్యాంకింగ్ అనే అంటారు. విమానం తిరిగేటప్పుడు ఒక రెక్క దించి, ఒకటి ఎత్తి వాలడం కూడా ఆ ఏటవాలే. బ్లడ్ బ్యాంక్ పూర్తిగా డబ్బు వైపు: 1937లో షికాగో కుక్ కౌంటీ హాస్పిటల్లో బెర్నార్డ్ ఫాంటస్ అనే డాక్టరు, రక్తం ముందే జమ చేసి అవసరమైనప్పుడు తీసుకునే ఏర్పాటు పెట్టి, దానికి ఆ పేరు పెట్టాడు. ఒకరి మీద బ్యాంక్ చేయడం, అంటే వాళ్లని నమ్ముకోవడం, అదీ ఇటువైపే.

నిఘంటుపురుగు:
ఇంకొకటి మిగిలింది. వరసగా ఉన్న స్విచ్‌లనీ, లిఫ్టులనీ కూడా బ్యాంక్ అంటారు. అది గట్టూ కాదు, డబ్బూ కాదు, పాత ఓడల్లో తెడ్లు వేసేవాళ్లు వరసగా కూర్చునే బల్ల. దానికి చాలా నిఘంటువుల్లో మూడో ఎంట్రీ ఉంటుంది.