చెత్త సినిమా పొట్టచెక్కలయ్యేలా నవ్విస్తే అది మంచి సినిమానా, కాదా?

పాప్‌కార్న్_పహిల్వాన్:
నిన్న రాత్రి ఆరుగురం కూర్చుని ‘ది రూమ్’ చూశాం. తెలియనివాళ్ల కోసం: 2003లో టామీ వైసో అనే ఆయన తనే రాసి, తనే తీసి, తనే హీరోగా వేసి, డబ్బు కూడా తనే పెట్టుకున్న సినిమా. అరవై లక్షల డాలర్లు అయిందంటారు. మొదటి రెండు వారాల్లో తిరిగొచ్చింది రెండు వేల డాలర్లు కూడా లేదు. కథ పాతదే. ప్రియురాలు, ప్రాణస్నేహితుడు, మోసం. కానీ ప్రతి సీనులో ఏదో ఒకటి తేడా కొడుతుంది. హీరోయిన్ తల్లి సోఫాలో కూర్చుని, కబుర్ల మధ్యలో, తనకు రొమ్ము క్యాన్సర్ అని తేలిందని చెబుతుంది. కూతురు ఆ కంగారేం అక్కర్లేదు అన్నట్టు మాట్లాడుతుంది. అంతే, సినిమా అయిపోయేదాకా ఆ క్యాన్సర్ ఊసే లేదు! మావాడొకడు నవ్వలేక కుర్చీ దిగి నేల మీద కూర్చున్నాడు.

ఇవాళ రేటింగ్ బాగున్న సినిమా ఒకటి పెట్టుకుంటే ఇరవై నిమిషాలకే కునుకు పట్టింది. నా లెక్క సింపుల్. సినిమా పని మనల్ని కూర్చోబెట్టడం. ‘ది రూమ్’ కూర్చోబెట్టింది. కాబట్టి అది మంచి సినిమా. కాదనేవాళ్లు రండి.

చివరి_వరుస:
ఫస్ట్.

మూడో_రీలు:
మిమ్మల్ని కూర్చోబెట్టింది సినిమా కాదండీ, పక్కనున్న ఐదుగురు. ఒక్కరే కూర్చుని చూడండి, అరగంటకి ఫోన్ తీస్తారు. నడుస్తూ నడుస్తూ ఎవరో జారిపడితే మనకు నవ్వొస్తుంది. అంతమాత్రాన పడ్డవాడు గొప్ప డ్యాన్సర్ అయిపోడు.

పాప్‌కార్న్_పహిల్వాన్:
పడ్డవాడికి దెబ్బ తగలలేదుగా అన్నా. ఆ సినిమాలో హీరో ఇంట్లో టేబుల్ మీద ఫ్రేములో స్పూన్ బొమ్మ ఉంటుంది. అది తెర మీద కనబడినప్పుడల్లా హాల్లో జనం ప్లాస్టిక్ స్పూన్లు విసురుతారు. అలాంటి షోలకు వైసో స్వయంగా వెళ్లి అభిమానులతో ఫొటోలు దిగుతాడు. ఆ సినిమా ఎలా తీశారన్న కథ మీద 2017లో హాలీవుడ్ ఇంకో సినిమానే తీసింది. ఫ్లాప్ తీసినవాడికి ఇంతకంటే ఏం కావాలి?

మూడో_రీలు:
ఒక్క వైసోని చూపించి అందరి తరఫునా సంతకం పెట్టేస్తున్నారు. ‘ట్రోల్ 2’ సంగతి చూడండి. 1990 నాటిది. పేరులో ట్రోల్ (జానపద కథల్లోని రాక్షసుడు) ఉంది గానీ సినిమాలో ఒక్క ట్రోల్ లేదు, అన్నీ గాబ్లిన్‌లే (మరో రకం పిశాచాలు). అందులో చిన్నప్పుడు నటించిన కుర్రాడు పెద్దయ్యాక ఆ సినిమా మీదే 2009లో డాక్యుమెంటరీ తీశాడు. అందులో దర్శకుడు ఫ్రగాసో తన సినిమా ఆడుతున్న హాలుకు వస్తాడు. నవ్వాల్సిన చోటే కాదు, నవ్వకూడని చోట కూడా జనం నవ్వుతుంటే ఆయన ముఖం చూడండి. దెబ్బ తగలలేదని అప్పుడు చెప్పండి.

కంటిన్యుటీ_తాత:
చెత్త సినిమాల చర్చ అంటే ‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’ లేకుండా ఎలా? ఎడ్ వుడ్ తీసినది. 1980లో ఒక పుస్తకం దాన్ని ప్రపంచంలోకెల్లా చెత్త సినిమాగా తేల్చాకే దానికి పేరొచ్చింది. డ్రాక్యులాగా పేరుపడ్డ నటుడు బేలా లుగోసీ 1956లో చనిపోతే, ఆయన మీద అంతకుముందు తీసిపెట్టుకున్న కాసిన్ని షాట్లు వాడుకుని, మిగతాదానికి వుడ్ తన భార్యకు వైద్యం చేసే కైరోప్రాక్టర్‌ని (వెన్నెముక సరిచేసే వైద్యుణ్ణి) తెచ్చి నిలబెట్టాడు. ఆయన లుగోసీ కంటే బాగా పొడుగు. అందుకే సినిమా అంతా భుజాల మీది కేప్‌ని చేత్తో ముఖానికి అడ్డం పెట్టుకుని తిరుగుతుంటాడు.

చివరి_వరుస:
అందులో ఎగిరే పళ్లాలు నిజంగానే పేపర్ పళ్లాలట కదా 😂

కంటిన్యుటీ_తాత:
కాదు నాయనా. అందరూ చెప్పే అబద్ధం అది. కొందరు పేపర్ ప్లేట్లంటారు, కొందరు కారు చక్రాల మూతలంటారు. అప్పట్లో పిల్లలు అతికించుకునే ప్లాస్టిక్ మోడల్ కిట్లు అవి.

నీలిమేఘం:
మీ ముగ్గురూ ఒకటి వదిలేస్తున్నారు. నూటికి తొంభై తొమ్మిది చెత్త సినిమాలు నవ్వించవు, ఊరికే విసిగిస్తాయి. ఆ మిగిలిన ఒక్కదానిలో ఏముంది? నాకు తోచింది ఇది. తీసినవాడు ప్రాణం పెట్టి తీసి ఉండాలి. తాను గొప్పది తీస్తున్నానని గట్టిగా నమ్మి ఉండాలి. చేతకానితనం ఒక్కటే ఉంటే బోర్, నమ్మకం ఒక్కటే ఉంటే మామూలు సినిమా. రెండూ కలిసి పడాలి. అమెరికన్ రచయిత్రి సూసన్ సాంటాగ్ 1964లోనే ‘క్యాంప్’ (అతిగా, కృత్రిమంగా ఉండి అందుకే సరదాగా అనిపించే శైలి) మీద రాస్తూ, తెలియక జరిగినదే అసలైనది, కావాలని చేసినదానిలో ఆ రుచి ఉండదు అన్న అర్థంలో చెప్పింది. సుడిగాలిలో సొరచేపలు కొట్టుకొచ్చే ‘షార్క్‌నాడో’ 2013లో వచ్చినప్పుడు నేనూ నవ్వాను. కానీ వాళ్లు నన్ను చూసి కన్నుకొడుతున్నారని తెలిసిపోతూనే ఉంది. మొత్తం ఆరు తీశారు. నేను రెండోదాంట్లోనే దిగిపోయాను.

పాప్‌కార్న్_పహిల్వాన్:
అక్క కరెక్ట్‌గా పట్టుకుంది. 1966లో వచ్చిన ‘మానోస్’ అంతే. హెరాల్డ్ వారెన్ ఎరువులు అమ్ముకునే మనిషి, సినిమా తీసేస్తానని పందెం కాశాడు. వాళ్ల కెమెరా ఒక విడతకి 32 సెకన్లే తిరిగేది. షూటింగులో శబ్దమే రికార్డు చేయలేదు, తర్వాత ముగ్గురు నలుగురు కూర్చుని అన్ని పాత్రలకూ డబ్బింగ్ చెప్పేశారు. ఆ ధైర్యానికి దండం పెట్టాలి. నేను నవ్వేది ఆ ధైర్యాన్ని చూసి, మనుషుల్ని చూసి కాదు.

మూడో_రీలు:
ఆ డబ్బింగ్ సంగతి మీరే ఎత్తారు కాబట్టి చెబుతా. అందులో ఒక చిన్నపిల్ల ఉంటుంది. ఆ పాపకూ ఒక పెద్దావిడ గొంతు పెట్టారు. మొదటి షోలో తెర మీద తన నోట్లోంచి ఎవరిదో గొంతు వస్తుంటే ఆ పిల్ల అక్కడే ఏడ్చేసింది. మీకు 32 సెకన్ల కెమెరా గుర్తుంది, ఈ పాప గుర్తులేదు. చెత్త సినిమాలకు అవార్డులిచ్చే రాజ్జీల వాళ్లు 2023లో ఒక 12 ఏళ్ల అమ్మాయిని చెత్త నటి జాబితాలో పెట్టారు. నలువైపులా తిట్లు పడ్డాక తీసేసి, 18 ఏళ్ల లోపువాళ్లని ఇక ముట్టుకోం అన్నారు. సరదా అనేది ఇలాగే మొదలవుతుంది. ఎక్కడ ఆగాలో దానికి తెలీదు.

పాప్‌కార్న్_పహిల్వాన్:
అన్నా, రాజ్జీలకీ నాకూ ఏం సంబంధం? నేనేమైనా అవార్డులు ఇస్తున్నానా? తీసినవాళ్ల కష్టం, తీసినవాళ్ల కష్టం అని ఒకటే పాట. చూసినవాడిది కష్టం కాదా? డబ్బులిచ్చి రెండున్నర గంటలు కూర్చుని, మధ్యలో లేవకుండా చూస్తే, ఆ నవ్వొక్కటే గిట్టుబాటు. అదీ వద్దంటే ఎలా?

కంటిన్యుటీ_తాత:
ఇంకో మాట. ఆ మోడల్ కిట్ ఆ రోజుల్లో షాపుల్లో మామూలుగా అమ్మేవాళ్లు. గుండ్రటి పళ్లెం మీద అద్దం బుడగలాంటిది ఉంటుంది. సినిమాలో ఫ్రేము ఆపి చూస్తే తెలిసిపోతుంది.

నీలిమేఘం:
తాతగారూ, ఇక్కడ ఇల్లు కాలుతోంది.

కంటిన్యుటీ_తాత:
కాలనీ. పేపర్ ప్లేటు మాత్రం కాదు.

సైలెంట్_రీడర్:
మూడేళ్లుగా చదువుతున్నాను, ఇదే మొదటి పోస్టు. పహిల్వాన్ ప్రొఫైల్ కింద ఉన్న లింకు ఎవరైనా నొక్కారా? ట్రోల్ క్లిప్పుల పేజీ అది. ఆయనదే. ‘నేను నవ్వేది మనుషుల్ని చూసి కాదు’ అన్న వాక్యం పక్కన పెట్టుకుని ఆ పేజీ చూడండి.

చివరి_వరుస:
అయిపోయాడు.

పాప్‌కార్న్_పహిల్వాన్:
దాచలేదుగా, ప్రొఫైల్‌లోనే ఉంది. అవును, నాదే. అయితే ఏంటి?

మూడో_రీలు:
చూశాను. మొత్తం చూశాను. పై నుంచి పదకొండో క్లిప్పు, తెల్ల చీరలో ఏడుస్తున్న అమ్మాయి. ఆ సినిమాకి నేను అసిస్టెంట్ ఎడిటర్‌ని.

మీ క్లిప్పు 14 సెకన్లు. ఆ అమ్మాయి ఏడుస్తూ ఏడుస్తూ స్విచ్ వేసినట్టు ఆగిపోతుంది, పక్కకు చూస్తుంది, మళ్లీ స్విచ్ వేసినట్టు ఏడుస్తుంది. కింద వేలల్లో నవ్వు బొమ్మలు. సినిమాలో అక్కడ ఎవరో తలుపు తడతారు. ఆ శబ్దానికే ఆగుతుంది. ఎవరూ రాలేదని తెలిసి మళ్లీ ఏడుస్తుంది. మీరు దాని మీద కామెడీ మ్యూజిక్ ఎక్కించారు, తలుపు శబ్దం కొట్టుకుపోయింది. ఆమెకి నటన రాదని రాష్ట్రమంతా తేల్చేసింది. నేను పెట్టిన శబ్దం అండీ అది. నాలుగు రకాల తలుపులు విని ఒకటి ఏరుకుని పెట్టాను. ఆ క్లిప్పు మా ఇంటి గ్రూపులోనే నాకు వచ్చింది, మా బావ పంపాడు, ‘ఇది మీదేగా’ అని.

చెత్త సినిమా అని మీరు నవ్వితే నాకు బాధ లేదు. అంత చెత్తగా లేనిదాన్ని చెత్తగా కట్ చేసి నవ్వించడం వేరు.

కంటిన్యుటీ_తాత:
నేను మొదటినుంచీ చెప్తున్నది ఇదే కదా. పేపర్ ప్లేటు.

నీలిమేఘం:
😶

పాప్‌కార్న్_పహిల్వాన్:
సరే, విను. (కోపంలో ‘నువ్వు’ అంటున్నా, తప్పుగా అనుకోవద్దు.) ఆ సినిమాకి నేను టికెట్ కొని వెళ్లా. హాల్లో తొమ్మిది మందిమి. లెక్కపెట్టా, వేరే పని లేక. ఇంటర్వెల్ తర్వాత ఐదుగురం. నేను చివరిదాకా ఉన్నా. మీ టీమ్‌లో ఎంతమంది ఆ సినిమాని హాల్లో చివరిదాకా చూశారో చెప్పు. తలుపు శబ్దం నాకు వినపడలేదు, ఒట్టు. ఆ హాల్లో సౌండ్ అంతంతమాత్రం. క్లిప్పు కట్ చేసేటప్పుడు కూడా అది ఉందని తెలీదు. మ్యూజిక్ ఎక్కించింది నేనే, ఒప్పుకుంటా.

కానీ ఒకటి. నా క్లిప్పు రాకముందు ఆ సినిమా పేరు ఎవరికీ తెలీదు. ఇప్పుడు జనం వెతుక్కుని మరీ పూర్తిగా చూస్తున్నారు, కింద కామెంట్లలో రాస్తున్నారు కూడా. నవ్వుకోవడానికే అనుకో, చూస్తున్నారుగా. నిజం చెప్పు, ఆ సీను చూసి నీకెప్పుడూ నవ్వు రాలేదా? ఒక్కసారి కూడా?

చివరి_వరుస:
ఇంతకీ సినిమా పేరేంటి

చివరి_వరుస:
ఎవరైనా చెప్పండి ప్లీజ్

అడ్మిన్:
పేరు ఇక్కడ రాయొద్దు. ఎవరు రాసినా పోస్టు తీసేస్తాం.

మూడో_రీలు:
రెండు రోజులు ఆలోచించి రాస్తున్నా. అడిగారు కాబట్టి.

వచ్చింది. అందరికంటే ముందు నవ్వింది మేమే. రిలీజ్‌కి ఇంకా నాలుగు రోజులు, తెల్లవారుజామున మూడు అవుతుంది. ఎడిటింగ్ రూములో నేనూ ఇంకో కుర్రాడూ. ఆ సీనుకి ఇంకా శబ్దాలు ఏమీ పడలేదు. ఆ అమ్మాయి ఆగి, పక్కకు చూసి, మళ్లీ ఏడుస్తుంటే ఆ కుర్రాడు దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పుతూ పదిసార్లు వేశాడు. సరిగ్గా మీ క్లిప్పులాగే. కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాం. తలుపు తెరుచుకుంది, డైరెక్టర్ గారు. బయట సోఫాలో పడుకున్నారు, మా నవ్వుకి లేచారు. ‘ఏ సీనయ్యా, కామెడీ ట్రాక్ పండిందా?’ అన్నారు. ముఖం వెలిగిపోతోంది. నేను అవును సార్ అన్నాను.

ఆయన ఆ సంతోషంతోనే వెళ్లి పడుకున్నారు. తెల్లారేదాకా కూర్చుని ఆ తలుపు శబ్దం పెట్టాను. అందుకే అది లేదని చూడగానే అంత మండింది. సినిమా బాగుంటుందని నేను ఎక్కడా అనలేదు. బాగోదు. ఆ మిగతా నాలుగు టికెట్లు ఎవరివో నాకు తెలీదు గానీ, మీరు చివరిదాకా కూర్చున్నారంటే మాత్రం... సరే.

నీలిమేఘం:
మీరు ఆయనతో ఆ తర్వాత ఎప్పుడైనా చెప్పారా?

మూడో_రీలు:
లేదు.

పాప్‌కార్న్_పహిల్వాన్:
అన్నా, పాత క్లిప్పు తీసేశా. మ్యూజిక్ లేకుండా, తలుపు శబ్దంతో మళ్లీ పెట్టా, ఒరిజినల్ నుంచే తీసుకుని. చూడండి. ఇప్పటికీ నాకు నవ్వొస్తోంది, ఏం చేయమంటారు. మునుపటంత కాదు గానీ వస్తోంది.

మూడో_రీలు:
చూశాను. మీ క్లిప్పులో శబ్దం రెండు ఫ్రేములు ఆలస్యంగా పడుతోంది. సరిచేయండి.