మోడెమ్ కనెక్ట్ అవుతోంది, పీఎల్‌సీ మాత్రం పలకడం లేదు

పంప్‌హౌస్:
దూరంగా ఉన్న పంపింగ్ స్టేషన్‌లో పీఎల్‌సీ (పంపుల్ని నడిపే కంట్రోలర్), మోడ్‌బస్ ఆర్‌టీయూ (సీరియల్ లైన్ మీద మాట్లాడే పద్ధతి) స్లేవ్, అంటే మాస్టర్ అడిగితేనే జవాబిస్తుంది. ఇక్కడి ల్యాప్‌టాప్ మాస్టర్. పోర్టు స్పీడు సెకనుకి 9600 బిట్లు, 8 డేటా బిట్లు, ఈవెన్ పారిటీ (తప్పు పట్టే అదనపు బిట్), 1 స్టాప్. దానికో ఎక్స్‌టర్నల్ మోడెమ్. ఇక్కణ్నుంచి డయల్ చేస్తే ఎత్తుతోంది, కనెక్ట్ 33600 (ఫోన్ లైన్ మీద స్పీడు) అని వస్తోంది. ఆ తర్వాత ఏ రిజిస్టర్ (పీఎల్‌సీలో విలువ ఉండే చోటు) చదవబోయినా టైమౌటే (1 సెకను పెట్టాను). సైట్‌లో ల్యాప్‌టాప్‌ని నేరుగా కేబుల్‌తో పెడితే అన్నీ వస్తున్నాయి. లైన్ తేడానా, మోడెమ్ తేడానా?

సీరియల్‌పోర్ట్:
33600 దగ్గర పట్టుకుందంటే లైన్ జోలికి వెళ్లక్కర్లేదండి. ముందు పారిటీ తీసేయండి. స్టార్ట్ 1, డేటా 8, పారిటీ 1, స్టాప్ 1 కలిపితే క్యారెక్టర్‌కి 11 బిట్లు. చాలా మోడెమ్‌లు 10 వరకే మోస్తాయి. ఉత్త కేబుల్‌కి ఆ బాధ లేదు. రెండు వైపులా 8 బిట్లు, పారిటీ లేకుండా, 1 స్టాప్ పెట్టండి. పారిటీ లేకపోతే 2 స్టాప్ బిట్లు ఉండాలని మోడ్‌బస్ స్పెక్ అంటుంది, కానీ అలా పెడితే మళ్లీ 11కే వస్తారు. తప్పులు పట్టడానికి ప్రతి సందేశం చివర సీఆర్‌సీ (సరిచూసే అంకె) ఎలాగూ ఉంది. టైమౌట్ 4 సెకన్లు చేయండి.

అయినా రాకపోతే సైట్‌లో ఎవరినైనా మోడెమ్ లైట్లు చూడమనండి. మీరు రీడ్ పంపగానే ఆర్‌డీ (మోడెమ్ నుంచి పీఎల్‌సీకి వెళ్లే డేటా) మెరిసి, వెంటనే టీడీ (పీఎల్‌సీ నుంచి వచ్చే జవాబు) మెరవాలి. ఆర్‌డీ కూడా మెరవకపోతే అనుమానం ఫ్లో కంట్రోల్ (డేటా ఎప్పుడు పంపాలో, ఎప్పుడు ఆపాలో చెప్పుకునే ఏర్పాటు) మీదే: పీఎల్‌సీ కేబుల్‌లో 2, 3, 5 పిన్నులే ఉంటే ఆర్‌టీఎస్ (డేటా పంపొచ్చని చెప్పే వైరు) కోసం కాచుకుని మోడెమ్ డేటా వదలదు. ఆర్‌డీ మెరిసి టీడీ మెరవకపోతే కేబుల్ చూడండి. పీసీ కోసం చేసిన ప్రోగ్రామింగ్ కేబుల్‌ని మోడెమ్‌కి తగిలిస్తే 2, 3 మార్చే నల్ మోడెమ్ అడాప్టర్ మధ్యలో ఉండాలి.

సైట్ మోడెమ్‌కి ఇవ్వాల్సినవి: ఏటీ&ఎఫ్, తర్వాత ఈ0, &డీ0, &కే0, ఎస్0=1, చివర్లో క్యూ1&డబ్ల్యూ. డీ0 అంటే డీటీఆర్ పిన్నుని పట్టించుకోవద్దని, కే0 అంటే ఫ్లో కంట్రోల్ వద్దని, ఎస్0=1 అంటే మొదటి రింగ్‌కే ఎత్తమని, క్యూ1 అంటే మోడెమ్ జవాబులు ఆపమని, చివరి డబ్ల్యూ అంటే ఇవన్నీ దాచుకోమని. క్యూ1 ముందే ఇచ్చారంటే ఓకే రావడం ఆగిపోతుంది, మోడెమ్ చచ్చిందనుకుంటారు. టెర్మినల్‌ని 9600లో పెట్టే ఇవ్వండి, మోడెమ్ తన పోర్టు స్పీడు ఏటీ అక్షరాల్నుంచే నేర్చుకుంటుంది. ఈ0 లేకపోతే మోడెమ్ తనకొచ్చిన అక్షరాల్ని తిరిగి పలుకుతుంది, క్యూ1 లేకపోతే రింగ్, కనెక్ట్ అనే అక్షరాలు కూడా పీఎల్‌సీలోకి వెళ్లి పడతాయి.

పంప్‌హౌస్:
పారిటీ తీసి, &కే0 పెట్టించాను. చదవడం మొదలైంది, థాంక్స్. కానీ ఫంక్షన్ 16 (చాలా రిజిస్టర్లు కలిపి రాసే మోడ్‌బస్ ఆదేశం)తో ఒకేసారి 100 రిజిస్టర్లు రాస్తే జవాబు లేదు. 20 రాస్తే వెళ్తోంది.

బిట్‌లెక్క:
అది వీ.42 ఎర్రర్ కరెక్షన్ (మోడెమ్‌లు డేటాని ప్యాకెట్లుగా పంపి, చెడితే మళ్లీ పంపుకునే పద్ధతి) పని. 100 రిజిస్టర్ల ఫ్రేమ్ (ఒక పూర్తి మోడ్‌బస్ సందేశం) 209 బైట్లు. వీ.42 ప్యాకెట్‌లో డిఫాల్ట్‌గా 128 బైట్లకు మించి పట్టవు. ఫ్రేమ్ రెండు ముక్కలై వెళ్లి, మధ్యలో ఖాళీ పడుతుంది. 9600లో మూడున్నర క్యారెక్టర్ల ఖాళీ, అంటే సుమారు 4 మిల్లీసెకన్లు దాటితే పీఎల్‌సీ ఫ్రేమ్ అయిపోయిందనుకుని, సీఆర్‌సీ కలవక కిమ్మనకుండా పారేస్తుంది. 20 రిజిస్టర్లైతే 49 బైట్లే, ఒక ప్యాకెట్‌లో ఇమిడిపోతాయి. రెండు మోడెమ్‌ల్లోనూ ఎర్రర్ కరెక్షన్ ఆపి డైరెక్ట్ మోడ్‌లో పెట్టండి (చాలా చిప్‌సెట్లలో \ఎన్1, మీ మాన్యువల్ చూసుకోండి). డైరెక్ట్ మోడ్‌లో లైన్ స్పీడు, పోర్టు స్పీడు ఒకటే కావాలి కాబట్టి రెండిటినీ 9600కి కట్టేయండి.

సీరియల్‌పోర్ట్:
దానికంటే తేలిక దారి ఉంది. మీ ల్యాప్‌టాప్ వైపు పోర్టు మాత్రం 115200 చేసి, హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆన్ చేయండి. ఫ్రేమ్ మొత్తం ఒక్క ఊపులో మీ మోడెమ్‌లోకి వెళ్లిపోతుంది. అటు మోడెమ్ మొదటి 128 బైట్లు 9600లో వదలడానికి 133 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, ఆలోగా రెండో ముక్క 33600లో వచ్చేస్తుంది.

బిట్‌లెక్క:
లైన్ శుభ్రంగా ఉన్నంతవరకు సరే. చిన్న గరగర వచ్చి ప్యాకెట్ మళ్లీ పంపాల్సి వస్తే ఖాళీ మళ్లీ పడుతుంది. డైరెక్ట్ మోడ్‌లో అయితే ఆ ఫ్రేమ్ సీఆర్‌సీలో పోతుంది, మాస్టర్ ఇంకోసారి అడుగుతుంది, అంతే. ఇంకోటి, ఎస్0=1తో వదిలేసిన మోడెమ్ నంబర్ తెలిసిన ఎవరికైనా పలుకుతుంది, మోడ్‌బస్‌కి పాస్‌వర్డ్ లేదు. మోడెమ్‌లో డయల్‌బ్యాక్ (కాల్ కట్ చేసి, ముందే ఇచ్చిన నంబర్‌కి తనే తిరిగి చేయడం) ఉంటే ఆన్ చేయండి. లేకపోతే దాని అడాప్టర్‌ని స్విచ్ మీద పెట్టించి, పని ఉన్నప్పుడే వేయమనండి.