సర్కారు వైద్య ఖర్చు పెరిగేది ముసలోళ్ల వల్లా, పథకాల వల్లా?

కావలి_మాస్టారు:
మొన్న టీ కొట్టు దగ్గర ఒకాయన "జనానికి ఆయుష్షు పెరిగింది, అందుకే ఖజానా ఖాళీ" అని తేల్చేశాడు. నాకు ఎక్కలా. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2013-14లో జీడీపీలో 1.15 శాతం ఉన్న ప్రభుత్వ వైద్య ఖర్చు 2021-22కి 1.84 శాతమైంది. ఎనిమిదేళ్లలో దేశం అంత ముసలిదైపోయిందా?

ఒంగోలు_ఆడిటర్:
లేదు మాస్టారూ, బిల్లు కట్టే చెయ్యి మారింది. మొత్తం వైద్య ఖర్చులో జనం జేబులోంచి పెట్టేది అదే కాలంలో 64.2 శాతం నుంచి 39.4కి దిగింది. 2007లో ఆరోగ్యశ్రీ రాకముందు గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్మేవాళ్లు. ఆ బిల్లే ఇప్పుడు బడ్జెట్లో కనబడతా ఉంది. పైగా 2021-22 కరోనా టీకాల ఏడాది, దాన్ని కొలతగా పెట్టుకోబాకండి.

కనిగిరోడు:
రోగాలు కూడా మారాయన్నా. మా అత్తకి కిడ్నీలు చెడిపోయి డయాలసిస్. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. తెల్లారకముందే దుప్పటి, టిఫిన్ డబ్బా సర్దుకుని బస్సెక్కాల. ఒకప్పుడు ఈ జబ్బొస్తే కొన్నాళ్లకే పోయేవాళ్లు, ఖర్చూ అక్కడితో సరి. ఇప్పుడు ఏళ్లకేళ్లు బతుకుతున్నారు. ఆపరేషన్ ఒక్కసారి పోయే డబ్బు, ఇది కరెంటు బిల్లులా నెలనెలా వస్తుంది. షుగర్, బీపీ మందులూ అంతే.

ఒంగోలు_ఆడిటర్:
తిరిగి తిరిగి ఆయుష్షు దగ్గరికే వచ్చావుగా!

కనిగిరోడు:
ఆమెకి యాభై కూడా నిండలేదు. ముసలితనం యాడుంది?

నెల్లూరు_సిస్టర్:
డయాలసిస్ యూనిట్లో చేస్తా కాబట్టి చెప్తున్నా. మిషన్ ఎంత కొత్తదైనా ఆ నాలుగు గంటలు తగ్గవు. సూది గుచ్చేది, బీపీ చూస్తా పక్కన ఉండేది మనిషే. బయట జీతాలు పెరిగేకొద్దీ మాకూ పెంచక తప్పదు (మాకు ఎప్పుడు పెంచుతారో, అది వేరే కథ). పని వేగం మాత్రం పెరగదు. ఆర్థికవేత్త విలియం బామోల్ 1960ల్లోనే ఈ మాట చెప్పాడు.

ఒంగోలు_ఆడిటర్:
ఒప్పుకున్నా. నా గొడవల్లా డబ్బంతా ఆస్పత్రి మంచానికే పోతోందని, రోగం రాకుండా చూసే మంచినీళ్లకి పోవట్లేదని. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో పళ్లు, ఎముకలు పాడవడం కొత్త సంగతా?

కనిగిరోడు:
కిడ్నీలకి కూడా నీళ్లే కారణమని ఇంకా గట్టిగా తేల్లేదన్నా. తేలేదాకా డయాలసిస్ ఆపుతారా?

కావలి_మాస్టారు:
ఆపమని ఎవరూ అనలా. 2025కల్లా జీడీపీలో 2.5 శాతం పెట్టాలని 2017 జాతీయ ఆరోగ్య విధానమే చెప్పింది. 1.84 దగ్గరే ఎక్కువైపోయిందని గోలేంది? అది సరే ఆడిటర్ గారూ, మంచినీళ్ల పైపులకి పెట్టేది ఏ పద్దులో రాస్తారు?

ఒంగోలు_ఆడిటర్:
నీటి సరఫరా పద్దులో. ఆరోగ్య లెక్కల్లోకి రాదు. ఆ పైపులకి రూపాయి పెట్టినా, పెట్టకపోయినా మీరు చెప్పిన 1.84 కదలదు.