కార్లో ఏసీ నాబ్ తీసేసి అన్నీ టచ్ స్క్రీన్‌లోకి నెట్టడం సౌకర్యమా, ప్రమాదమా?

పాత_స్టీరింగ్
కొత్త కారు కోసం షోరూములు తిరుగుతున్నా. ఎక్కడికెళ్ళినా ముందు స్క్రీన్ ఎన్ని అంగుళాలో చెబుతారు, బ్రేకుల సంగతి మనం అడిగితే గానీ రాదు. ఒకదాంట్లో ఏసీ ఫ్యాన్ తగ్గించాలన్నా స్క్రీన్‌లోకే వెళ్ళాలి. వానలో విజయవాడ హైవే మీద పోతుంటే ముందు అద్దానికి లోపల ఆవిరి పట్టిందనుకోండి, గాలి అటు మళ్ళించడానికి మెనూ వెతుక్కుంటూ కూర్చోవాలా? బండి కదులుతుండగా కావాల్సినవన్నీ చూడకుండా చేతికి దొరికే బటన్లుగానే ఉండాలంటాను. కాదనేవాళ్ళు చెప్పండి.

ఈవీ_వైజాగ్
కాదనే అంటాను. స్క్రీన్ లేని కార్లలో జనం ఫోన్ ఒళ్ళో పెట్టుకుని మ్యాప్ చూస్తూ నడుపుతున్నారు, దానికంటే ఎదురుగా పెద్ద మ్యాప్ నయం కదా? ఆటో ఏసీ 24లో పెట్టి వదిలేస్తే మళ్ళీ ముట్టుకునే పనే లేదు, చినుకు పడితే వైపర్లు వాటంతటవే తిరుగుతాయి. పైగా వారం నడిపితే ఏది ఎక్కడుందో చేతికి అలవాటైపోతుంది.

పాత_స్టీరింగ్
మ్యాప్‌కీ రివర్స్ కెమెరాకీ స్క్రీన్ వద్దని నేననలేదు బ్రో. వైపర్లంటే గుర్తొచ్చింది, జర్మనీలో 2019లో ఒకాయన టెస్లాలో వైపర్ల వేగం మార్చడానికి స్క్రీన్ నొక్కుతూ రోడ్డు దిగి చెట్లను గుద్దాడు. 200 యూరోల జరిమానా, నెల రోజులు బండి నడపకూడదు అన్నారు. బండితో పాటు వచ్చిన స్క్రీన్ అయినా అదీ ఫోన్ లాంటి ఎలక్ట్రానిక్ పరికరమే అని 2020లో కార్ల్స్‌రూహే పైకోర్టు తేల్చేసింది. స్క్రీన్‌లో పెట్టింది కంపెనీ, ఫైన్ మాత్రం డ్రైవర్‌కి!

లెక్కల_మాస్టారు
అలవాటు అనే మాటకి జవాబు ఉందండి. 2022లో వి బిలాగరే అనే స్వీడన్ పత్రిక వాళ్ళు గంటకు 110 కి.మీ. వేగంలో రేడియో మార్చడం, సీటు హీటర్ వేయడం లాంటి పనులు చేయించి చూశారు. స్క్రీన్ లేని 2005 నాటి వోల్వోలో అన్నీ 10 సెకన్లలో అయిపోయాయి, ఆ లోపు బండి వెళ్ళింది 306 మీటర్లు. అన్నిటికంటే వెనకబడ్డ ఎంజీ మార్వెల్ ఆర్‌లో 44.9 సెకన్లు, అంటే కిలోమీటరు దాటి ఇంకో 372 మీటర్లు. డ్రైవర్లకి బండి అలవాటు చేసుకోవడానికి ముందే టైమ్ ఇచ్చారు కూడా. వేలికి గుర్తు తెలియడానికి గాజు మీద ఎత్తుపల్లాలు లేవు, అలవాటైనా కళ్ళు అటు తిప్పాల్సిందే.

ఈవీ_వైజాగ్
అయితే నోటితో చెప్పండి, వాయిస్ ఉంది కదా.

రేణిగుంట_రోడ్
వెనక పిల్లల గొడవ, పైన రేకు మీద వాన మోత, ఏసీ హోరు. ఇంట్లో మావారు చెప్పిందే నాకు వినపడదు, కారుకి వినపడుతుందా అండి? అదీగాక 2020లో బ్రిటన్‌లోని టీఆర్‌ఎల్ అనే రవాణా పరిశోధన సంస్థ వాళ్ళు సిమ్యులేటర్‌లో పరీక్షిస్తే ఆండ్రాయిడ్ ఆటో (ఫోన్ యాప్‌లని కారు స్క్రీన్ మీద చూపించేది) వేలితో వాడినప్పుడు స్పందించడం 53 శాతం నెమ్మదించింది, గొంతుతో వాడినా 30 శాతం. అక్కడి చట్టం ఒప్పుకునే హద్దు దాకా తాగినవాళ్ళకి ఆ లెక్క 12 శాతమే!

గ్యారేజ్_సుత్తి
భద్రత గురించి కంపెనీ ఆలోచించిందని ఎవరన్నారు? ఒక్కో స్విచ్‌కి అచ్చు, వైరింగ్, బిగించే పని. స్క్రీన్ ఎలాగూ పెడుతున్నారు, అన్నీ అందులో పడేస్తే ఖర్చు తగ్గుతుంది, అంతే. కార్లకి భద్రతా రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ వాళ్ళు 2026 నుంచి ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, వైపర్లు, హారన్, ఎస్‌ఓఎస్ (అత్యవసర కాల్) విడి బటన్లుగా ఉంటేనే ఫుల్ మార్కులు అన్నారు, ఫోక్స్‌వ్యాగన్ కూడా మళ్ళీ బటన్లు తెస్తామంది. కానీ ఆ లిస్టులో ఏసీ లేదు చూడండి. వాళ్ళకి మన జులై తేమ ఏం తెలుసు! ఇక్కడేమో చేతిలో ఫోన్ ఉంటే చలానా, డ్యాష్‌బోర్డులో మూడు స్క్రీన్లున్నా అడిగేవాడు లేడు.

ఈవీ_వైజాగ్
సరే, ఆవిరి విషయం ఒప్పుకుంటా. నా బండిలో ముందు అద్దం డీఫాగ్‌కి విడి బటన్ ఉంది, అది తీసేస్తే నేనూ కొనను. మిగతావి స్క్రీన్‌లో ఉంటే నష్టం లేదు.

పాత_స్టీరింగ్
మిగతావి అంటే ఫ్యాన్ స్పీడ్ కూడానా?