దోర మామిడితో తీపికారం పచ్చడి: పాకం ఎక్కడ ఆపాలి?

మియాపూర్ కోడలు:
నూజివీడు వైపు నుంచి బంధువులు ఓ బస్తా కలెక్టర్ రకం మామిడికాయలు పంపారు. పైకి పచ్చగానే ఉన్నాయి కానీ కోస్తే లోపల పసుపురంగు తిరిగింది. ఆవకాయకి పనికిరావని అత్తయ్యగారు తేల్చేశారు. బెల్లం వేసి, దోసెల్లోకీ చపాతీల్లోకీ పిల్లలు కూడా తినేలా తియ్యగా, కారంగా పచ్చడి చేద్దామని ఉంది. తురుము ముందు ఉడకాలా, బెల్లంతో కలిపే పెట్టాలా? పాకం ఎంతవరకు రానివ్వాలి? ఇదే నా టెన్షన్.

కాకినాడ పిన్ని:
దోర కలెక్టర్ కాయ కంటే ఈ పచ్చడికి మంచి కాయ లేదమ్మా. పులుపూ తీపీ రెండూ అందులోనే ఉంటాయి, పీచు తక్కువ. మరీ పుల్లకాయైతే ఎంత బెల్లం వేసినా చాలదు.

తొక్క తీసి, పెద్ద కన్నాల వైపు తురుము. సన్నగా తురిమితే ముద్దయిపోతుంది. రెండు గ్లాసుల తురుముకి గ్లాసున్నర బెల్లం కోరు, రెండు చిన్న చెంచాల ఉప్పు, రెండు పెద్ద చెంచాల కారం.

తురుమే ముందు ఉడకాలి. ఉప్పు, పసుపు కలిపి స్టీలు గిన్నెలో మూతపెట్టి, సన్నసెగ మీద దాని నీళ్లతోనే మగ్గనివ్వు. అది మెత్తబడకముందే బెల్లం పడిందంటే ఇక ఎంతసేపు ఉడికించినా బిరుసుగానే ఉంటుంది. బెల్లాన్ని గరిటెడు నీళ్లలో కరిగించి వడకట్టి, మగ్గిన తురుములో పొయ్యి. ఎంత మంచి బెల్లమైనా అడుగున ఇసుక తేలుతుంది.

ఇక పాకం. మొదట పెద్ద నురగతో పొంగుతుంది. కాసేపటికి బుడగలు చిన్నవై, బరువుగా తపతపమని పేలతాయి, తురుము నిగనిగలాడుతుంది. అప్పుడు ఓ చుక్క పళ్లెంలో వేసి వంచి చూడు. చుట్టూ నీరు విడిపోకుండా మెల్లగా జారితే వెంటనే కట్టెయ్యి. తీగపాకం దాకా ఆగొద్దు. మామిడిలో పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది, చల్లారాక పచ్చడి దానంతటదే చిక్కబడుతుంది. పాకం ముదిరితే పచ్చడి జీడిలా సాగుతుంది, నాకు అది అస్సలు నచ్చదు.

కారం, అరచెంచా వేయించిన మెంతిపొడి గోరువెచ్చగా అయ్యాకే కలపాలి. మరుగుతున్నప్పుడు వేస్తే కారం నల్లబడుతుంది. నువ్వులనూనెలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టి, చల్లార్చి కలుపు. వెల్లుల్లి మాత్రం వద్దంటాను, బెల్లం వాసనని మింగేస్తుంది.

మియాపూర్ కోడలు:
చాలా థాంక్స్ పిన్నిగారూ! పిల్లల కోసం కారం సగం చెయ్యొచ్చా? ఫ్రిజ్‌లో పెట్టక తప్పదా?

కాకినాడ పిన్ని:
సగం చెయ్యొచ్చు, ఉప్పు కూడా కొంచెం తగ్గించు. రంగు కావాలంటే కాశ్మీరీ కారం వాడు. తడిలేని గాజుసీసాలో పెట్టి, పొడి చెంచాతో తీసుకుంటే బయట కొద్దిరోజులు ఆగుతుంది. ఎక్కువ నిలవ ఉండాలంటే ఫ్రిజ్జే.

డల్లాస్ తెలుగమ్మాయి:
ఇక్కడ మంచి పుల్లమామిడి ఎప్పుడూ దొరకదు పిన్నిగారూ. ఆకుపచ్చ గ్రానీ స్మిత్ ఆపిల్‌తో కుదురుతుందా?

కాకినాడ పిన్ని:
భేషుగ్గా కుదురుతుంది. తొక్కతోనే తురుము, పెక్టిన్ అక్కడే ఎక్కువ. తురమగానే నిమ్మరసం పిండకపోతే రంగు మారిపోతుంది. బెల్లం గ్లాసు చాలు, సన్నగా తరిగిన అల్లం కాస్త వెయ్యి. మెంతిపొడి మాత్రం చిటికెడే. మామిడి పులుపు దాచినట్టు ఆపిల్ ఆ చేదుని దాచలేదు.